నల్లమల పెంటలు, నల్లగొండ నీళ్లు: దక్షిణ తెలంగాణలో కలుషిత భూమి, గిరిజన పర్యావరణ జ్ఞానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కలుషితమైన నేలను తిరిగి బాగుచేయడంలో ఆ నేల మీద బతికే గిరిజనుల జ్ఞానానికి ఉన్న స్థానం ఏమిటన్నది నేడు ప్రపంచమంతటా చర్చలో ఉన్న ప్రశ్న. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ ప్రశ్న రెండు రూపాల్లో ఎదురైంది. మొదటిది, భూగర్భజలంలోని ఫ్లోరైడ్ వల్ల దశాబ్దాలుగా సాగిన బాధ. రెండవది, నల్లమల అంచున లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్ ప్రాంతాల్లో యురేనియం కోసం సాగిన అన్వేషణ. ఈ రెండు సందర్భాల్లోనూ నేలను పరీక్షించినవారు, ప్రమాణాలు నిర్ణయించినవారు బయటినుంచి వచ్చినవారే. నేలను నిత్యం తవ్వి, తిని, తాగి తెలుసుకున్నవారు సమాచారం ఇచ్చేవారిగా, కూలీలుగా, పీడితులుగా మాత్రమే నమోదయ్యారు. ఈ స్థితి ఎలా ఏర్పడిందో గ్రామనామాలు, పరిపాలనా చరిత్ర, ఆరోగ్య పరిశోధనల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: చెంచులు, నల్లమల, పెంట, ఫ్లోరైడ్, యురేనియం, అమ్రాబాద్, లంబాపూర్, గ్రామనామాలు, భూపునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం

దక్షిణ తెలంగాణ మెరక నేలలు ప్రధానంగా గ్రానైట్ శిలల మీద ఏర్పడినవి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. చెరువు, కుంట, బావి, చెలిమ అనే నాలుగు మాటల చుట్టూ ఇక్కడి జనజీవనం అల్లుకుంది. ఈ మెరక దక్షిణాన కృష్ణానది వైపు వెళ్లేకొద్దీ గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ శిలల పొరలు కనిపిస్తాయి. అక్కడినుంచే నల్లమల మొదలవుతుంది. కింద గ్రానైట్, పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్ కలిసే సంధిరేఖ వద్ద యురేనియం ఖనిజం చేరి ఉంటుందని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. అదే గ్రానైట్‌లోని ఖనిజాలు కరిగి బావినీటిలో ఫ్లోరైడ్ చేరింది. అంటే నల్లగొండ రైతు ఎముకల్లోకి చేరిన ఫ్లోరైడ్, నల్లమల చెంచు పెంటల కింద వెతికిన యురేనియం ఒకే శిలాచరిత్రకు చెందిన రెండు అధ్యాయాలు. రెండింటినీ ఇప్పటివరకు వేర్వేరు సమస్యలుగా చూశారు. ఒకటి ప్రజారోగ్య సమస్యగా, మరొకటి గనుల, అడవుల సమస్యగా చర్చకు వచ్చింది. రెండింటినీ కలిపి చూస్తే, నేల గురించి మాట్లాడే అధికారం ఎవరిదన్న ప్రశ్న ముందుకు వస్తుంది.

ఈ వ్యాసంలో 'గిరిజన పర్యావరణవేత్త' అన్న మాటను విశ్వవిద్యాలయ పట్టా ఉన్న వ్యక్తి అన్న పరిమితార్థంలో వాడలేదు. ఒక నేలలోని మొక్క, నీరు, మట్టి, జంతువుల పరస్పర సంబంధాన్ని తరతరాల అనుభవంతో తెలుసుకుని, ఆ తెలివిడితో నేల బాగోగుల గురించి నిర్ణయం చెప్పగలిగిన వ్యక్తి అన్న అర్థంలో వాడడం జరిగింది. అలాంటి తెలివిడి ఈ ప్రాంతంలో ఉంది. నిర్ణయాధికారం మాత్రం లేదు. ఈ రెండింటి మధ్య దూరమే ఈ వ్యాసానికి విషయం.

2. గ్రామనామాల్లో నేల చరిత్ర

నల్లమల పర్యావరణ చరిత్రకు తెలుగు పరిశోధకులు అంతగా దృష్టి పెట్టని ఆధారం ఒకటి ఉంది. అది 1950 డిసెంబరులో వెలువడిన షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వు. రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కింద వచ్చిన ఈ ఉత్తర్వులో మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకాకు చెందిన గ్రామాల, పెంటల పేర్లు వరుసగా ఉన్నాయి. పరిపాలనా దృష్టితో చూస్తే అది కేవలం ఒక జాబితా. భాషాదృష్టితో చూస్తే అది నేల స్వభావాన్ని నమోదు చేసిన పత్రం.

ఆ పేర్లను స్థూలంగా మూడు వర్గాలుగా విభజించవచ్చు.

అ) చెట్టు పేరుతో ఏర్పడినవి: తపసిపెంట, ఇప్పలపల్లి, తాటిగుండాల, మద్దిమడుగు. తపసి బంక ఇచ్చే చెట్టు. ఇప్ప పువ్వు, గింజ రెండూ ఆహారానికి, నూనెకు పనికివచ్చేవి. మద్ది నీటి ఒడ్డున ఎత్తుగా పెరిగే చెట్టు.

ఆ) నీటి ఉనికిని తెలిపేవి: పుల్లెచెలిమ, చిట్లంకుంట, మద్దిమడుగు, తాటిగుండాల, వేంకటేశ్వర్ల బావి. వీటిలో చెలిమ, మడుగు, గుండం, కుంట, బావి అనే ఐదు రకాల జలస్థానాలు కనిపిస్తాయి. ఇసుకలోనో మెత్తని నేలలోనో తవ్వితే ఊరే నీరు చెలిమ. రాతి పల్లంలో నిలిచేది గుండం. వాగులో లోతైన చోటు మడుగు. ఈ తేడాలు తెలియని సమాజం ఇన్ని మాటలను నిలబెట్టుకోదు.

ఇ) నివాస స్వభావాన్ని తెలిపేవి: పెంట, బైలు, పల్లి. వీటిలో 'పెంట' ప్రత్యేకమైనది. మైదాన ప్రాంతపు వాడుకలో పెంట అంటే చెత్త, పశువుల ఎరువు కుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల నివాసం. ఒకే మాటకు మైదానంలో పారవేసే పదార్థం అన్న అర్థం, అడవిలో మనుషులు బతికే చోటు అన్న అర్థం ఉండడం గమనార్హం. అడవిని, అందులోని ఆవాసాన్ని మైదాన ప్రాంతపు పాలన చూసిన చూపులోని తేడా కూడా ఇలాంటిదే.

మద్దిమడుగు, తాటిగుండాల వంటి పేర్లు రెండు వర్గాల్లోనూ చేరడం యాదృచ్ఛికం కాదు. చెట్టును, నీటిని విడదీయకుండా ఒకే పేరులో చెప్పడం అంటే ఏ చెట్టు ఉన్నచోట ఎలాంటి నీరు ఉంటుందో తెలిసి ఉండడమే. దీన్ని ప్రాథమిక పర్యావరణ శాస్త్రంగా గుర్తించడానికి ఏ అభ్యంతరమూ ఉండనవసరం లేదు.

ఈ జాబితాలో మరో విషాదకరమైన అంశం ఉంది. ఇందులోని సార్లపల్లి, తాటిగుండాల, కొల్లంపెంట వంటి పేర్లు ఇటీవలి కాలంలో మరో జాబితాలో కూడా కనిపించాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కీలక ప్రాంతం నుంచి స్వచ్ఛంద పునరావాసం పేరుతో బయటికి తరలించాలని ప్రతిపాదించిన ఆవాసాల జాబితా అది. జాతీయ పులుల సంరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం కుటుంబానికి 15 లక్షల రూపాయల ప్యాకేజీ ఉంది. మొదటి జాబితా ఆ పెంటలకు రాజ్యాంగ రక్షణ ఇచ్చింది. రెండవది వాటిని ఖాళీ చేయించడానికి తయారైంది. పెంట ఖాళీ అయితే పేరు పటంలో మిగలవచ్చు. ఆ పేరులోని చెలిమ ఎక్కడుందో చూపించే మనిషి మాత్రం అక్కడ ఉండడు.

3. హైమెన్‌డార్ఫ్ నుంచి పులుల అభయారణ్యం వరకు

అమ్రాబాద్ పీఠభూమి చెంచుల గురించి తొలి సమగ్ర అధ్యయనం చేసినవాడు ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశపు పౌరుడన్న కారణంతో ఆయన కదలికలు హైదరాబాదు రాజ్యానికి పరిమితమయ్యాయి. ఆ నిర్బంధమే తెలంగాణ గిరిజన అధ్యయనాలకు మేలు చేసింది. 1940లో ఆయన చెంచుల మధ్య క్షేత్రపరిశోధన చేశాడు. ఫలితంగా 1943లో 'ది చెంచూస్: జంగిల్ ఫోక్ ఆఫ్ ది డెక్కన్' అన్న గ్రంథం వెలువడింది. అదే గ్రంథమాలలో కొండరెడ్లు, రాజ్‌గోండుల గురించి ఆయన రాసిన పుస్తకాలు తరువాత వచ్చాయి.

ఆ గ్రంథంలో చెంచుల ఆర్థికజీవనం గురించి ఇచ్చిన వివరాలు ఈ వ్యాసానికి ముఖ్యమైనవి. చెంచుల ఆహారంలో అడవిగడ్డలది ప్రధాన స్థానం. ఇనుప మొన ఉన్న తవ్వుకోలతో స్త్రీలు, పురుషులు నేలను తవ్వి గడ్డలు తీస్తారు. పండ్లు, ఇప్పపువ్వు, తేనె, వేట మాంసం రుతువును బట్టి తోడవుతాయి. ప్రతి గుంపుకూ తనదైన అటవీ పరిధి ఉంటుంది. ఆ పరిధిలో ఏ లోయలో ఏ కాలంలో ఏమి దొరుకుతుందో ఆ గుంపుకు తెలుసు. వేటకు, అడవి ఫలసాయానికి గారెలమైసమ్మను తలుచుకుంటారు. ఈ విధమైన జీవనంలో మనిషికి, మట్టికి మధ్య వంటగిన్నె తప్ప మరో అడ్డు లేదు. మట్టిలో ఏముంటే అది కడుపులోకి చేరుతుంది. యురేనియం చర్చ సందర్భంలో ఈ అంశం ఎంత కీలకమో ఐదవ విభాగంలో తెలుస్తుంది.

హైమెన్‌డార్ఫ్ సూచనల ఫలితంగా 1940వ దశకంలో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులకు ప్రత్యేక రిజర్వును ఏర్పరచింది. తరువాత ఆయన అదే ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. అయితే ఆదిలాబాదు గోండుల విషయంలో జరిగిన ఒక పనిని ఇక్కడ పోల్చి చూడాలి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆ శిక్షణ పొందినవారిలోనుంచి తమ సమాజం గురించి తామే మాట్లాడగల తరం తయారైంది. చెంచుల విషయంలో ప్రధానమైన చర్యగా నిలిచింది రిజర్వు. అంటే గోండులకు మాట్లాడే అవకాశం, చెంచులకు తలదాచుకునే అవకాశం లభించాయి. గిరిజనుల గురించి చెప్పే నిపుణుడు ప్రభుత్వానికి దొరికాడు. గిరిజనుల నుంచి నిపుణుడిని తయారు చేసే వ్యవస్థ నల్లమలకు రాలేదు.

స్వాతంత్ర్యానంతర పరిణామాలు ఈ స్థితిని మార్చలేదు. 1975లో చెంచులను ఆదిమ గిరిజన సమూహంగా గుర్తించారు. వారికోసం ప్రత్యేక అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ప్రాజెక్టు టైగర్‌లోకి వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత 2015లో తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. పులి అడుగుజాడ గుర్తించడం, మంటలు అదుపు చేయడం, గస్తీ శిబిరాల్లో కాపలా కాయడం వంటి పనుల్లో చెంచులు అటవీశాఖకు సేవలందిస్తున్నారు. పని జ్ఞానంతో కూడినది. హోదా మాత్రం కాపలాదారుది.

4. నల్లగొండ ఫ్లోరైడ్: కొలత, ప్రమాణం, నేల

ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో తొలిసారి 1937లో నాటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో వైద్యులు నమోదు చేశారు. 1940వ దశకంలో హైదరాబాదు రాజ్యంలో కూడా ఈ జబ్బు ఉనికి బయటపడింది. 1955లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి ప్రచురించిన వ్యాసం అంతర్జాతీయ వైద్య సాహిత్యంలో ఈ జిల్లాకు ఒక స్థానం కల్పించింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపురం పరిసరాల ఊళ్ల పేర్లు వంగిన వెన్నెముకలకు, గారపట్టిన పళ్లకు మారుపేర్లుగా మిగిలాయి.

ఈ సమస్యకు ప్రతిస్పందనగా రూపొందిన ప్రసిద్ధ పద్ధతికి జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిని కదిలించి, తేరనిచ్చి, వడపోస్తారు. పటికతో ఏర్పడిన ముద్ద ఫ్లోరైడ్‌ను తనతోపాటు అడుగుకు తీసుకుపోతుంది. చౌకగా, స్థానికంగా అమలుచేయదగిన పద్ధతిగా ఇది ఆఫ్రికా దేశాల వరకు వెళ్లింది. అయితే మోతాదు ప్రతిరోజూ సరిగా ఉండాలి, అడుగున మిగిలే ముద్దను ఎక్కడో పారవేయాలి, నిర్వహణకు మనిషి ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పద్ధతి తప్పుతుంది.

ఇక్కడ ఒక పోలిక ప్రస్తావనార్హం. బురదనీటిని తేర్చడానికి కుండ లోపలి భాగాన చిల్లగింజను అరగదీయడం దక్షిణ భారత గ్రామాల్లో, అడవుల్లో పాత ఆచారం. చిల్లగింజ ఫ్లోరైడ్‌కు మందు కాదు. కానీ నీటిలోని మలినాన్ని ముద్దకట్టించి అడుగుకు దింపడం అన్న సూత్రం రెండింటికీ ఒక్కటే. ఒకటి శాస్త్ర పరిభాషలో నమోదైంది, మరొకటి ఇంటివాడుకగా మిగిలింది.

ఫ్లోరైడ్ చరిత్రలో ఎక్కువ చర్చించదగిన మలుపు 1970వ దశకంలో వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' పత్రికలో ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో యువకులకు మోకాళ్లు లోపలికి వంగే కొత్త లక్షణాన్ని వర్ణించారు. ఫ్లోరైడ్ పాతదే. కాళ్లు వంగడం మాత్రం కొత్తది. దీనికి కారణాలు వెతుకుతూ ఆ సంస్థ పరిశోధకులు నీటిని దాటి ఆహారం వైపు చూశారు. నాగార్జునసాగర్ వంటి పెద్ద ప్రాజెక్టుల తరువాత భూగర్భజల మట్టం పెరగడం, నేల క్షారత పెరగడం, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం ఎక్కువ కావడం, దానివల్ల శరీరంలో రాగి లోపించడం అనే గొలుసును వారు ప్రతిపాదించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కొన్ని లక్షల ఎకరాలకు నీరిచ్చింది. అదే సమయంలో నేల రసాయన స్వభావాన్ని మార్చే శక్తి కూడా దానికి ఉందని ఈ వివరణ సూచించింది.

ఈ పరిశోధన ప్రాముఖ్యం ఏమిటంటే, కాలుష్యాన్ని ఒక్క అంకెతో కొలవలేమని అది చూపింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి. భారత ప్రమాణాలు 1 మిల్లీగ్రామును కోరదగిన పరిమితిగా పేర్కొన్నాయి. ఎండలో పనిచేసే కూలీ తాగే నీరు ఎంత, అతను తినే ధాన్యం ఏది, ఆ ధాన్యం ఏ నేలలో పండింది అన్నవి ఆ అంకెలో ఇమడవు. ఒకే నీరు తాగిన ఇద్దరిలో ఒకరు మంచం పట్టడానికి, మరొకరు తిరగగలగడానికి మధ్య తేడా వారి జీవనవిధానంలో ఉంటుంది.

ప్రజల వైపునుంచి వచ్చిన ప్రతిఘటన కూడా ఈ చరిత్రలో భాగమే. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి నీటికోసం దీర్ఘకాలం ఉద్యమించింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకంగా మారింది. ఓటును అర్జీగా మార్చిన ఆ సంఘటన దేశవ్యాప్తంగా దృష్టిని ఆకర్షించింది. తెలంగాణ ఏర్పడిన తరువాత మిషన్ భగీరథ ద్వారా నదీజలం ఇళ్లకు చేరింది. 2020లో కేంద్ర జలశక్తి శాఖ తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని పార్లమెంటుకు తెలిపింది. తాగునీటి దృష్టితో ఇది పెద్ద విజయం. భూమి దృష్టితో చూస్తే ఇది నేలను బాగుచేయడం కాదు, నేలను తప్పించుకుని నీటిని తేవడం. బోరునీటితో సాగయ్యే పొలాలు, అక్కడ మేసే పశువులు ఇప్పటికీ పాత శిలతోనే సంబంధంలో ఉన్నాయి.

5. యురేనియం: లంబాపూర్, పెద్దగట్టు, అమ్రాబాద్

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అణుఖనిజ అన్వేషణ సంస్థ 1990వ దశకంలో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో, తరువాత చిత్రియాల్‌లో యురేనియం నిల్వలను గుర్తించింది. లంబాపూర్‌లో ఒక బహిరంగ గని, పెద్దగట్టులో మూడు భూగర్భ గనులు తెరవాలని యురేనియం కార్పొరేషన్ ప్రతిపాదించింది. ఖనిజశుద్ధి కర్మాగారాన్ని దేవరకొండ సమీపంలోని శేరిపల్లి వద్ద నిర్మించాలని తలపెట్టారు. 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నాగార్జునసాగర్ జలాశయం సమీపంలోనే ఉండడం, అభయారణ్యం ఆనుకుని ఉండడం, హైదరాబాదుకు కృష్ణా జలాలు ఇదే జిల్లా మీదుగా వెళ్లడం వంటి కారణాలతో వ్యతిరేకత బలంగా వ్యక్తమైంది. గనులు తెరుచుకోలేదు. సంస్థ దృష్టి కడప జిల్లా తుమ్మలపల్లె వైపు మళ్లింది. అక్కడ శుద్ధి కర్మాగారం 2012లో మొదలైంది. అక్కడి వ్యర్థాల చెరువు వల్ల బావినీరు, అరటితోటలు పాడయ్యాయని సమీప గ్రామాల రైతులు చేసిన ఫిర్యాదులు నల్లమల ప్రజలకు హెచ్చరికగా పనిచేశాయి.

పెద్దగట్టు పరిసరాల్లోని లంబాడా తండాలకు, అమ్రాబాద్‌లోని చెంచు పెంటలకు మధ్య చట్టపరమైన ఒక ముఖ్యమైన తేడా ఉంది. అమ్రాబాద్ పెంటలు ఐదవ షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. పెసా చట్టం, గ్రామసభ అధికారాలు వాటికి వర్తిస్తాయి. నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. తెలంగాణ లంబాడాలు 1976లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినా వారి తండాల నేలకు ఆ రక్షణ రాలేదు. మనిషి గిరిజనుడు, అతని నేల మాత్రం కాదు. శిలాపొర ఒక్కటే, వాగు ఒక్కటే అయినా గ్రామసభకు ఉన్న శక్తి రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది.

2019 మే 22న కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయ సమ్మతి తెలిపింది. ఆ ప్రతిపాదనలో దాదాపు 4,000 బోరుబావుల తవ్వకం ఉంది. అన్వేషణే కదా, గని కాదు కదా అన్న వాదనకు సమాధానం ఆ సంఖ్యలోనే ఉంది. ప్రతి బోరుకు యంత్రం వెళ్లే దారి కావాలి, నీరు కావాలి, మనుషుల రాకపోకలు కావాలి. ప్రజాసంఘాలు, విద్యార్థులు, రచయితలు, సినిమా రంగ ప్రముఖులు నల్లమల రక్షణ కోసం గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

ఈ ఉద్యమం ఫలితం సాధించింది. అయితే ఉద్యమ వాదనల్లో పులి, నది, హైదరాబాదు తాగునీరు ముందు వరుసలో నిలిచాయి. చెంచు గడ్డ వెనుక వరుసలో నిలిచింది. శాస్త్రరీత్యా చూస్తే అదే ముందుకు రావలసిన అంశం. యురేనియం ఖనిజాన్ని శుద్ధిచేసిన తరువాత మిగిలే వ్యర్థంలో అసలు ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం ఉండిపోతుంది. అందులోని రేడియం-226 సగానికి తగ్గడానికి సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. అలాంటి వ్యర్థం చేరిన నేలలో పెరిగిన గడ్డను తవ్వి తినేవారికి కలిగే ప్రమాదాన్ని బియ్యం కొనుక్కుని తినేవారి లెక్కతో అంచనా వేయడం కుదరదు. జొన్నను లెక్కలోకి తీసుకున్నప్పుడే నల్లగొండ మోకాళ్ల సంగతి అర్థమైనట్లు, గడ్డను లెక్కలోకి తీసుకున్నప్పుడే నల్లమల ప్రమాదం అర్థమవుతుంది. ఏ గడ్డ, ఏ లోతులో, ఏ కాలంలో, ఎంత తింటారు అన్న సమాచారం ఏ ప్రయోగశాలలోనూ లేదు. అది పెంటలో ఉంది.

6. ఇతర దేశాల అనుభవం

ఈ విషయంలో రెండు విదేశీ ఉదాహరణలు ఉపయోగపడతాయి. అమెరికాలోని నవాహో జాతి నేలలో 1944 నుంచి 1986 వరకు యురేనియం తవ్వకం సాగింది. 500కు పైగా గనులు వదిలివేయబడ్డాయి. 1979 జులై 16న చర్చ్ రాక్ వద్ద వ్యర్థాల కట్ట తెగి రేడియోధార్మిక జలం ప్యూర్కో నదిలోకి పారింది. తరువాతి కాలంలో నవాహో జాతి తన సొంత పర్యావరణ పరిరక్షణ సంస్థను ఏర్పరచుకుంది. 2005లో తన భూభాగంలో యురేనియం తవ్వకాన్ని నిషేధిస్తూ చట్టం చేసుకుంది. అక్కడ గిరిజనులు శుభ్రపరచే పనిలో అధికారులుగా కూర్చున్నారు. అయితే నేల పాడైన తరువాతే ఆ కుర్చీ దక్కింది.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని రేంజర్ యురేనియం గని కకాడు జాతీయ వనం మధ్యలో, మిరార్ ప్రజల నేలలో ఉంది. 2021 జనవరిలో అక్కడ ఖనిజశుద్ధి నిలిచిపోయింది. ఆ నేలను తిరిగి వనంలో కలపదగిన స్థితికి తేవాలన్నది షరతు. అక్కడి పరిశోధకులు రేడియేషన్ అంచనాలో స్థానికులు సేకరించి తినే ఆహారాన్ని చేర్చారు. వాగుల్లోని ఆలుచిప్పల్లో రేడియం పేరుకుంటుందని గుర్తించారు. ఆలుచిప్పలను తినే ప్రజల ఆహారపు అలవాట్లు తెలియకపోతే ఆ పరీక్షకే అర్థం ఉండేది కాదు. మిరార్ ప్రజల ఆలుచిప్ప స్థానంలో చెంచుల అడవిగడ్డను ఉంచి చూస్తే నల్లమలకు కావలసిన పరిశోధన ఏదో తెలుస్తుంది.

7. స్థానిక నమూనా: తపసి బంక

పునరుద్ధరణలో గిరిజన జ్ఞానానికి స్థానం కల్పించడం మన ప్రాంతానికి పూర్తిగా కొత్త కాదు. తపసి చెట్టు బంక చెంచుల ప్రధాన ఆదాయాల్లో ఒకటి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దీన్ని కొనుగోలు చేస్తూ వచ్చింది. గిరాకీ పెరిగినప్పుడు గొడ్డలితో చెట్టును లోతుగా గాయపరచడం వల్ల చెట్లు ఎండిపోయాయి. తరువాత గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ బంక సేకరించేవారికి బెరడును పలుచగా చెక్కే పద్ధతిలో శిక్షణ ఇచ్చాయి. గాయం మానడానికి చెట్టుకు విరామం ఇవ్వడం, శుభ్రంగా సేకరించడం ఇందులో భాగాలు. దీనివల్ల చెట్టు నిలిచింది, బంకకు మంచి ధర వచ్చింది. సేకరించేవారి చేతినైపుణ్యం, పరిశోధకుల పద్ధతి కలిసినప్పుడే ఇది సాధ్యమైంది. ఇది విషం చేరిన నేల విషయం కాకపోయినా, దెబ్బతిన్న వనరును దాన్ని వాడేవారి చేతులతోనే నిలబెట్టిన ఉదాహరణ.

చట్టం కూడా ఈ దిశలో దారి చూపింది. 2006 అటవీహక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడే, పునరుజ్జీవింపజేసే, నిర్వహించే హక్కును అటవీవాసులకు ఇచ్చింది. అదే చట్టం ఐదవ సెక్షన్ నీటివనరులను, జీవవైవిధ్యాన్ని రక్షించే అధికారాన్ని గ్రామసభకు అప్పగించింది. 'పునరుజ్జీవింపజేయడం' అన్న మాట చట్టంలో ఉంది. ఆ పనికి గ్రామసభకు కావలసిన ప్రయోగశాల, శిక్షణ, జీతం మాత్రం చట్టంతోపాటు రాలేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నల్లగొండ ఫ్లోరైడ్ సమస్య, నల్లమల యురేనియం వివాదం ఒకే శిలాస్వభావం నుంచి పుట్టినవి. వాటిని కలిపి అధ్యయనం చేయడం అవసరం.

2. అమ్రాబాద్ పీఠభూమి గ్రామనామాలు చెట్టు, నీరు, నివాసం మధ్య సంబంధాన్ని నమోదు చేసిన పర్యావరణ ఆధారాలు. పెంటలు ఖాళీ అయ్యేలోపు వాటిని స్థానికుల వివరణలతో సేకరించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.

3. 1940వ దశకం నుంచి ప్రభుత్వాలు చెంచులను రక్షించదగినవారుగా చూశాయి, సంప్రదించదగినవారుగా చూడలేదు. కాపలాదారు హోదా ఆ దృష్టికి నేటి కొనసాగింపు.

4. జొన్న ద్వారా నల్లగొండ నేర్పిన పాఠం ఏమిటంటే, ప్రమాణం నీటిలో మొదలై ఆహారంలో పూర్తవుతుంది. నల్లమలలో ఆ ఆహారం అడవిగడ్డ. దాని వివరాలు లేకుండా చేసే ఏ ప్రమాద అంచనా అయినా అసంపూర్ణమే.

5. నవాహో ప్రజలకు నేల పాడైన తరువాత అధికారం దక్కింది. నల్లమల నేల ఇంకా పాడుకాలేదు. నేల పాడుకాకముందే చెంచు, లంబాడా యువతకు నీటి, మట్టి పరీక్షల్లో శిక్షణనిచ్చి గ్రామసభ తరఫున నమోదు చేయించే అవకాశం ఇక్కడ ఉంది. నేటి నీటి, నేల, గడ్డల స్థితి నేడు నమోదైతేనే రేపు ఏదైనా మార్పు వచ్చినప్పుడు దాన్ని నిరూపించడం సాధ్యమవుతుంది. ఆ నమోదు లేని చోట బాధితుడి మాటకు, సంస్థ నివేదికకు మధ్య తూచడానికి తక్కెడ ఉండదు.

2019 తీర్మానం తవ్వకాన్ని ఆపింది. శిల కింది ఖనిజం అలాగే ఉంది, దానికోసం వెతికే అవసరాలు కూడా ఉన్నాయి. మరోసారి ప్రతిపాదన వచ్చేనాటికి మద్దిమడుగులో మద్ది ఎక్కడుందో, మడుగు ఎంత లోతుందో, ఆ నీటిలో ఏముందో తన సొంత లెక్కలతో చెప్పగల చెంచు పర్యావరణవేత్త ప్రజాభిప్రాయ సేకరణ వేదిక మీద కూర్చునే స్థితి రావాలి. దానికి కావలసిన పునాది పనిలో విశ్వవిద్యాలయాల భాషా, చరిత్ర, విజ్ఞానశాస్త్ర శాఖలు మూడింటికీ వాటా ఉంది.